బావ పేరు మీద నా గుండె

ఆ కాగితం మీద పేరు మా బావ అప్పలరాజుది. అందులో గీతలు గీసిన గుండె మాత్రం నాది.

ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణే గానీ రాయడం రాక కాదు. రాస్తే ఉండిపోతుందని భయం.

మాది జంషెడ్‌పూర్‌లో భుయ్యాడీహ్. మా నాన్న టాటానగర్ రైల్వేలో కలాసీ. ఆయన పోయాక రైల్వే మాకేమీ మిగల్చలేదు, క్వార్టరు ఖాళీ చేయమన్న నోటీసు తప్ప. మా అప్ప గౌరీదేవి (అక్కని మా వాళ్ళు అప్ప అంటారు) మొగుడే నన్ను పనిలో పెట్టాడు. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఉక్కు కార్ఖానా. అందులో కంట్రాక్టరు కింద లేడిళ్ళు శుభ్రం చేసే గ్యాంగు బావది. లేడిల్ అంటే కరిగిన ఇనుము మోసే పెద్ద బాన. అది చల్లారాక లోపలికి దిగి, గోడలకి పట్టిన పెచ్చుల్ని గునపంతో కొట్టి రాల్చడమే మా పని. ఇరవై రెండేళ్ళు బావ అది కొట్టాడు, నేను పక్కన కొట్టాను.

రెండేళ్ళ కిందట బావకి ఆయాసం మొదలైంది. కాసిడీహ్‌లో ఒక బడిలో కేంపు పెట్టి ఉచితంగా గుండె చూస్తున్నారంటే ఆదివారం పూట ఇద్దరం వెళ్ళాం. అక్కడి డాక్టరు బావ రొమ్ముకి జిగురు రాసి, మిషను పెట్టి చూశాడు. గుండెలోంచి నెత్తురు బయటికి వెళ్ళే చోట ఒక తలుపులాంటిది ఉంటుందట, వాల్వు. బావది సున్నం పట్టి రాయిలాగా అయిపోయిందన్నాడు. పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాడు, ఆపరేషన్ పడుతుందన్నాడు. కాగితం రాసిచ్చాడు.

బయట టీ బండి దగ్గర బావ ఆ కాగితం నా చేతికిచ్చాడు.

"ఏటి సేద్దారంటావురా పోలిగా?"

"ఏటీ సెయ్యొద్దు బావా. ఇది ఎవులికైనా సూపించావంటే గేటు పాసు పోద్ది."

"రాయైపోనాదంటన్నాడు కదరా."

"కేంపుల్లో డాక్టర్లు అలాగే బెదిరిత్తారు. మెట్లెక్కితే కదా నీకు ఆయాసం? మెట్లెక్కకు."

బావ నవ్వాడు. నా మాట మీద ఆయనకి నమ్మకం. కాగితం నేనే తీసుకెళ్ళి మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున పెట్టాను. అప్ప కంట పడకూడదు కదా.

ఏడాదికోసారి జూన్‌లో ఫిట్‌నెస్ పరీక్ష. అది పాసైతేనే గేటు పాసు. కంట్రాక్టు మనిషి ఒంట్లో ఏముందో ఈ ఊళ్ళో ఎవడికీ అక్కర్లేదు, కాగితం మీద ఏముందో కావాలి. పరీక్ష చేసేది శ్యామ్‌బాబు అని కళ్ళద్దాల ముసలాయన. పాపం, రోజుకి ఎనభై మందిని చూడాలి. దుమ్ము కొట్టుకుపోయిన మొహాలు, నెత్తిన హెల్మెట్లు, ఎవడు ఎవడో ఆయనకేం తెలుస్తుంది? నేను పోలయ్యనై ఒకసారి బల్ల మీద పడుకున్నాను. బయటికి వచ్చి బావ చొక్కా వేసుకుని, అప్పలరాజునై మళ్ళీ పడుకున్నాను. శ్యామ్‌బాబు ఒంటికి ఈసీజీ తీగలు అంటిస్తూ అనుమానంగా చూశాడు.

"నువ్వు ఇందాకే వచ్చావు కదా?" అన్నాడు హిందీలో.

"వచ్చినోడు మా బామ్మర్ది సార్. ఇద్దరికీ ఒకటే మొకం" అన్నాను.

ఆయన నవ్వి, అచ్చయిన కాగితం చింపి ఇచ్చాడు. బయట బావ గోడకి చేరబడి కూర్చున్నాడు.

"నా గుండె ఎలాగుందిరా?"

"గుర్రం గుండె బావా. ఇంకో ముప్పై ఏళ్ళు పన్జేత్తావు."

"అయితే మీ అప్పకి సెప్పకు. రేపటికాణ్ణుంచి నీళ్ళ బిందెలు నాసేత మోయిత్తాది."

ఆవేళ ఇద్దరం పకోడీలు తిన్నాం. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

బావ కోసమే చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. గ్యాంగు బావ పేరు మీద ఉంది. బావ పాసు పోతే కంట్రాక్టరు తన మనుషుల్ని దింపుతాడు. అప్పుడు నేనూ రోడ్డు మీదే. నా గుండెని నేను బావకి ఇవ్వలేదు. నా పని కోసం వాడుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం. పొద్దున్న తొమ్మిదీ నలభై, టీ వేళ. బావ లేడిల్లోంచి పైకొచ్చి గ్లాసు అందుకున్నాడు. గ్లాసు కుడిచేతిలోంచి జారి పడిపోయింది. కింద ఒలికిన టీ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఏదో అనబోయాడు. మూతి ఒక పక్కకి వెళ్ళిపోయింది, మాట రాలేదు. అలాగే కుడివైపుకి ఒరిగిపోయాడు.

మా గ్యాంగువాళ్ళు మూర్ఛ అనుకున్నారు. మూర్ఛకి ఇనుము పట్టించాలని ఒకడు తాళాల గుత్తి తెచ్చి బావ కుడిచేతిలో పెట్టాడు. గుత్తి జారిపోయింది. మళ్ళీ పెట్టి వేళ్ళు మూశాడు. మళ్ళీ జారిపోయింది. అప్పుడు నాకర్థమైంది, ఇది పచ్చవాతం. కార్ఖానా వ్యాన్‌లో వేసుకుని ఖర్కాయి నది వంతెన దాటించాం. పదింబావుకి ఆసుపత్రిలో ఉన్నాం.

అత్యవసరం గదిలో ఒక డాక్టరమ్మ, తెలుగావిడే, ముప్పై అయిదేళ్ళుంటాయి, చకచకా అడిగింది. చివరిసారి బాగున్నది ఎప్పుడు? షుగరుందా? బీపీ ఉందా? పడినప్పుడు తలకి దెబ్బ తగిలిందా? అన్నిటికీ సరిగ్గానే చెప్పాను. తలకి స్కాన్ తీశారు. డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి చూపించింది. బూడిదరంగు మెదడులో, ఎడమపక్క, బియ్యపు నూకంత తెల్లటి చుక్క.

"ఇది నెత్తురు గడ్డలాగా లేదు, మరీ తెల్లగా ఉంది. వయసుతో నరం గోడకి పట్టిన పాత సున్నమైనా కావచ్చు, గుండెలోంచి ఊడి వచ్చి ఇరుక్కున్న ముక్కైనా కావచ్చు. ఈయనకి గుండె జబ్బు ఏదైనా ఉందా?"

నేను నోరు తెరిచేలోపే మా అప్ప వచ్చింది. వెనకాల మేనకోడలు బిందుప్రియ. ఆ పిల్లకి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. అప్ప చేతిలో కాగితాల ప్లాస్టిక్ సంచి. మా వాళ్ళలో ఏ ఆడది ఆసుపత్రికి పరిగెత్తినా ఆ సంచి లేకుండా రాదు.

"ఏటయ్యిందిరా? పొద్దున్న సద్దన్నం తినీసి బాగానే ఎల్లాడు కదరా!"

డాక్టరమ్మ మళ్ళీ గుండె సంగతి అడిగింది. అప్ప సంచిలోంచి కాగితం లాగి ఆవిడ చేతిలో పెట్టింది.

"గుండెకేటీ లేదు డాక్టరమ్మా. మొన్న జూన్‌లోనే తీసేరు. సూడండి, నార్మల్ అని రాసేరు."

డాక్టరమ్మ చదివింది. గీతలు చూసింది. నా గీతలు.

"ఈసీజీ బాగుంది. గుండె చప్పుడు మామూలే అని కూడా రాశారు" అని తనలో తాను అనుకున్నట్టు అంది. "అయితే ఆ చుక్క పాతదే అయ్యుంటుంది. గడ్డ వేరేచోట ఉండి ఉండొచ్చు. టైముంది కాబట్టి కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేస్తాను. అరగంట చూసి, మార్పు లేకపోతే రంగుమందు ఎక్కించి ఇంకో స్కాన్ తీద్దాం. నెత్తురు గడ్డయితే కరుగుతుంది. సున్నమైతే ఈ మందుకి కరగదు."

ఆ గదిలో ఆ మాట నాకర్థమైనట్టు ఇంకెవరికీ అర్థమై ఉండదు. లేడిల్ గోడకి పట్టిన ఇనుము, మళ్ళీ వేడి తగిలితే కరుగుతుంది. సున్నం కలిసి గడ్డకట్టిన మడ్డి, స్లాగు అంటాం, ఎంత మంట పెట్టినా అలాగే కూర్చుంటుంది. దాన్ని పెకలించి బయటికి లాగాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా నేను తింటున్న తిండి అదే. బావ గుండెలో సున్నం ఉందని తెలిసి, నోరు తెరిచి చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కేంపు కాగితం మా ట్రంకుపెట్టెలో ఉంది.

బిందుప్రియ నా దగ్గరికి వచ్చింది.

"మామా, డాక్టర్ పూఛ్ రహీ హై. పాపా కా కోయీ ఔర్ కాగజ్ హై క్యా? దిల్ కా?"

గుండె కాగితం ఇంకోటేదైనా ఉందా అని. ఉందని ఒక్క ముక్క చెబితే చాలు. తలుపు దగ్గర మా కార్ఖానా సూపర్‌వైజర్ నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. దొంగ మెడికల్ అని తెలిస్తే పాసు పోవడం కాదు, పోలీసు కేసు. ఇవన్నీ ఒక్క క్షణంలో నా బుర్రలోకి వచ్చాయి. బావ మాత్రం రాలేదు.

"లేదమ్మా. ఉన్నదంతా అదే" అన్నాను.

పదీ యాభైకి ఇంజెక్షన్ ఇచ్చారు. గోడ గడియారం సరిగ్గా మంచానికి ఎదురుగా ఉంది. డాక్టరమ్మ పది నిమిషాలకోసారి వచ్చి బావ కుడిచెయ్యి ఎత్తి వదిలేది. చెయ్యి తడిగుడ్డలాగా పడిపోయేది. నేను నీళ్ళు తాగడానికి వెళ్ళాను. మళ్ళీ వెళ్ళాను. దాహం లేదు.

తిరిగి వచ్చేసరికి బావ కళ్ళు నామీదే ఉన్నాయి. ఎడమచెయ్యి ఎత్తాడు. తన రొమ్ము మీద రెండుసార్లు తట్టుకున్నాడు. తర్వాత వేలు నాకేసి చూపించాడు. మళ్ళీ రొమ్ము, మళ్ళీ నేను. గొంతులోంచి "అదే... అదే..." అని ఒక్కటే మాట వస్తోంది.

అప్ప గాభరాగా నా చొక్కా పట్టుకుంది. "ఏటంటన్నాడ్రా మీ బావ? నిన్నే సూపిత్తన్నాడు."

బావ ఏమంటున్నాడో నాకు తెలుసు. నోరు పడిపోయిన మనిషి ఉన్న ఒక్క చేత్తో నిజం చెప్పడానికి చూస్తున్నాడు. రెండు చేతులూ నాలుకా సరిగ్గా ఉన్నవాణ్ణి, ఇలా అన్నాను:

"దైర్యం సెప్తన్నాడప్పా. నానున్నాను, పోలిగాడున్నాడు, బయపడకు అంటన్నాడు."

అప్ప కొంగుతో కళ్ళు తుడుచుకుని బావ కాళ్ళు పట్టుకుంది. బావ చెయ్యి మెల్లగా కిందికి దించేశాడు. కళ్ళు నా మీంచి తీసి కప్పుకేసి తిప్పుకున్నాడు. కొట్టినా తిట్టినా నేను ఇంతగా కుంగిపోయేవాణ్ణి కాదు.

పదకొండున్నరకి డాక్టరమ్మ మళ్ళీ చెయ్యి ఎత్తి వదిలింది, చెయ్యి పడిపోయింది. ఆవిడ బయటికి వస్తుంటే వరండాలో ఎదురు నిలబడ్డాను. సూపర్‌వైజర్ అప్పటికి వెళ్ళిపోయాడు. అదీ రాస్తున్నాను, దాచడం దేనికి? వాడు వెళ్ళాకే నాకు నోరు వచ్చింది.

"మేడం, ఆ ఈసీజీ ఆయనది కాదు. నాది. ఆయన గుండె వాల్వులో సున్నం ఉంది. కేంపులో చెప్పారు. ఆపరేషన్ అన్నారు."

ఆవిడ నన్ను తిట్టలేదు. గడియారం చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది. ఫోన్ తీసి ఎవరికో హిందీలో గబగబా చెప్పింది. రంగుమందు స్కాన్ ఇప్పుడే, తీగతో లాగేవాళ్ళని పిలవండి, వచ్చేది రాయి అని చెప్పండి. ఆ మనుషులు ఇంకో ఆసుపత్రి నుంచి రావాలి. ఇంకో అరగంట.

రంగుమందు సరిగ్గా ఆ తెల్లచుక్క దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. తొడ దగ్గర సన్నగా కోసి, నెత్తురు గొట్టంలోంచి తీగను మెదడు దాకా పంపారు. తీగ చివర వలలాంటి జాలీ ఉంటుందట. మెత్తటి గడ్డయితే జాలీకి అతుక్కుని వచ్చేస్తుంది. ఇది రాయి. మొదటిసారి జాలీ జారిపోయింది. రెండోసారి కూడా జారిపోయింది. మూడోసారి లావుపాటి గొట్టం పెట్టి పీల్చారు. ముక్క ఒకటి వచ్చింది, ఇంకొంత ముందుకి పోయి చిన్న కొమ్మలో ఇరుక్కుంది. ఇక లాగితే నరం చిరుగుతుందని వదిలేశారు.

వచ్చిన ముక్కని డాక్టరమ్మ చిన్న సీసాలో చూపించింది. ఆవగింజంత. తెల్లగా, గరుకుగా. ఇరవై రెండేళ్ళుగా నేను రాల్చిన దాంట్లో ఇంత చిన్నది ఎప్పుడూ చూడలేదు.

"ముందే చెప్పుంటే చెయ్యి వచ్చేదా మేడం?" అని అడిగాను.

"ముందే తెలిస్తే ఇంజెక్షన్ ఇస్తూనే వాళ్ళని పిలిచేదాన్ని. నలభై నిమిషాలు కలిసొచ్చేవి. చెయ్యి వచ్చేదో కాదో చెప్పలేను. రాయి అప్పుడూ జారేదేమో." సీసాకి మూత పెడుతూ, "ఆ కాగితం ఎవరిదన్నది మీ ఇంటివాళ్ళకి మీరే చెప్పుకోండి" అంది.

వచ్చేది కాదు అని చెప్పి ఉంటే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. వచ్చేది అన్నా ఎలాగో ఒకలాగ బతికేవాణ్ణి. చెప్పలేను అంది.

బావ ఇంటికొచ్చాడు. కాలు ఈడుస్తాడు. కుడిచెయ్యి వేలాడుతుంది. అడిగినవన్నీ అర్థమవుతాయి, నోటివెంట మాత్రం "అదే... అదే" తప్ప రాదు. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళకీ అప్ప ఆ కాగితం తీసి చూపించేది. "జూన్‌లో ఇంత బాగున్న గుండె ఫిబ్రవరికి రాయెలా అయిపోనాది సెప్పండి?" అనేది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుడి పటాల పక్కన నిలబెట్టింది. ఆవిడ పొద్దున్నే దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంటుంటే, వెనకాల నా గుండె. ఆ ఇంట్లో నేను కూర్చోలేకపోయేవాణ్ణి. మందులిచ్చి గుమ్మంలోంచే వచ్చేసేవాణ్ణి.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం అప్ప కబురు పెట్టింది. వెళ్ళేసరికి బిందుప్రియ హిందీలో టైపు చేయించిన ఫిర్యాదు కాగితం బల్ల మీద ఉంది.

"కూకోరా. రేపు కార్ఖానాకి ఎల్తన్నాం. ఆ కళ్ళద్దాలోడు గుడ్డోడేటి? గుండెలో రాయెట్టుకున్న మనిసికి బాగుందని రాసీసేడు! ఆడి ఉజ్జోగం ఊడదీయించకపోతే నా పేరు గౌరి కాదు. ఆవేళ నువ్వూ ఉన్నావు కదా, సాచ్చి సంతకం నువ్వే పెట్టాల."

పెన్ను నా చేతిలో పెట్టింది. కాగితం కింద నా పేరు అప్పటికే అచ్చు కొట్టించారు. సాక్షి, పోలయ్య. శ్యామ్‌బాబు నవ్వు మొహం గుర్తొచ్చింది. ఆయన పింఛనుకి ఇంకో ఏడాది ఉందేమో.

బావ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. నాకేసి చూడటం లేదు.

"అప్పా, ఆ ముసలాయన తప్పు రాయలేదు. ఆయన సూసిన గుండె బాగానే ఉంది."

"అంటే?"

"ఆ బల్లమీద పడుకున్నాది నాను."

అప్పకి వెంటనే అర్థం కాలేదు. చెప్పాను. కేంపు సంగతి, ట్రంకుపెట్టె సంగతి, బావ చొక్కా వేసుకున్న సంగతి. బావ కోసం చేశాననే మాట నాలుక దాకా వచ్చింది. మింగేసి, "నా పాసు కోసం సేసేను" అన్నాను.

బిందుప్రియ లేచి నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నాతో తెలుగు మాట్లాడింది ఆరోజే.

"మామా, ఆవేళ నేను నిన్ను అడిగాను."

అంతే అంది. లోపలికి వెళ్ళిపోయింది.

అప్ప బావ వైపు తిరిగింది. "మీకూ తెలుసా?"

"అదే... అదే" అన్నాడు బావ. ఎడమచెయ్యి ఎత్తి రొమ్ము మీద తట్టుకున్నాడు. వేలు నాకేసి చూపించాడు.

అప్ప ఆ చేతివైపు చాలాసేపు చూసింది.

"దైర్యం సెప్తన్నాడన్నావు కదరా" అంది.

గొంతు పెంచలేదు. చిన్నప్పుడు నన్ను చీపురుతో కొట్టిన మనిషి, ఆరోజు చెయ్యి ఎత్తలేదు. టైపు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. పటాల దగ్గరికి వెళ్ళి ప్లాస్టిక్ కవర్లోంచి ఈసీజీ తీసి, మడిచి, నా చొక్కా జేబులో పెట్టింది.

"నీదే కదా. నీకాడే ఉంచుకో."

మర్నాడు సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. వెళ్ళకుండా ఉండటానికి ధైర్యం చాల్లేదు. అప్ప తలుపు తీసి పక్కకి జరిగింది, టీ తాగుతావా అని అడగలేదు. అప్పట్నుంచి రోజూ వెళ్తున్నాను. ఆసుపత్రివాళ్ళు చెప్పినట్టు బావ కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ తెరుస్తాను, మూస్తాను. తర్వాత అరచేతిలో తాళాల గుత్తి పెట్టి పట్టుకోమంటాను. పట్టుకోవాలని ఆయన పళ్ళు బిగిస్తాడు. గుత్తి జారి నేల మీద పడుతుంది. ఆ చప్పుడుకి వంటింట్లో అప్ప చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగుతుంది. నేను వంగి తీసి, మళ్ళీ పెడతాను.